బావగారి పొట్ట, నా లెన్సు

మా బావగారి పొట్ట నిజానికి అంత పెద్దదేం కాదు. ఈ ముక్క ముందే రాసేస్తే నా మనసు కాస్త తేలికపడుతుంది. ఎందుకంటే రెండేళ్ళపాటు మా ఇంట్లోనూ, చుట్టాలిళ్ళలోనూ, ఆఖరికి ఆదివారం ఆరాధనయ్యాక చర్చి మెట్ల మీద కూడా ఆ పొట్ట గురించే మాట్లాడుకున్నారు. దానికి కారణం నేను. కాదు, లెన్సే కారణమని చాలాకాలం అందరితోనూ వాదించాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఫోటో తీయడం రానివాడికి లెన్సు మీదే కోపమొస్తుంది.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. పదో తరగతి పిల్లలకి కుంభాకార కటకం పాఠం ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. కిరణ చిత్రాలు బోర్డు వైపు చూడకుండా గీసేస్తాను. కటకాల గురించి ఇంత తెలిసినవాడి దగ్గర కెమెరా లేకపోతే ఏం బాగుంటుందని ఓ సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. దాంతోపాటే ఓ లెన్సు వచ్చింది. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫోన్లో తీస్తే మనుషులు పడరా అని ఒక్క ప్రశ్న అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొన్న ఏడాదే మా అమ్మానాన్నల పెళ్ళికి యాభై ఏళ్ళు నిండాయి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఇంటి ముందు చిన్న వాకిలి, తర్వాత గేటు, గేటు బయట రోడ్డు, రోడ్డు దాటితే కాలవ. నాన్న హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఇప్పటికీ ఇంట్లో అందరూ ఆయనకి తొమ్మిదో తరగతే. ద్రాక్షారామం నుంచి అక్కా బావగారూ వచ్చారు. వాళ్ళకి పిల్లల్లేరు, ఇద్దరే. విశాఖపట్నం నుంచి చెల్లెలూ, వాళ్ళాయనా, ఇద్దరు పిల్లలూ వచ్చారు. నేనూ, మా ఆవిడా, మా అమ్మాయీ సరేసరి. కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి, ఊరంతా భోంచేసి వెళ్ళాక, ఇంటివాళ్ళం పదకొండుగురం గ్రూపు ఫోటోకి సిద్ధమయ్యాం.

ఇక్కడ మా వైపు మర్యాదల గురించి కాస్త చెప్పాలి. గ్రూపు ఫోటోలో అల్లుణ్ణి నిలబెట్టకూడదు, కుర్చీ వెయ్యాలి. పెద్దల్లుడికి వేస్తే చిన్నల్లుడికీ వెయ్యాలి. ఒకరి ముందు ఒకరు కూర్చోకూడదు. అలా వేసుకుంటూ పోతే కుర్చీలు వాకిలి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వచ్చేశాయి. అమ్మ తప్ప ఆడవాళ్ళు వెనకాల నిలబడ్డారు, పిల్లలు కింద కూర్చున్నారు. అందరూ పట్టాలంటే నేను వెనక్కి జరగాలి. వెనక్కి జరిగితే గేటు తగిలింది. అందుకని లెన్సుని పూర్తి వెడల్పుకి తిప్పేశాను. స్టూలు మీద కెమెరా పెట్టి, పది సెకన్ల టైమరు నొక్కి, పరిగెత్తుకెళ్ళి నాన్న పక్కన టేకు కుర్చీలో కూలబడ్డాను. పెద్దల్లుడైన బావగారికి ఆ చివర ప్లాస్టిక్ కుర్చీ మిగిలింది. టైమరు నొక్కేవాడికి దగ్గర కుర్చీ కావాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అక్క ఆఖరి క్షణంలో వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి బావగారి కుర్చీ వెనక, గోడ వారగా నిలబడింది.

వెడల్పు లెన్సుకి ఓ జబ్బుంది. మధ్యలో ఉన్నవాళ్ళని ఉన్నట్టే చూపిస్తుంది, అంచున ఉన్నవాళ్ళని బయటికి సాగదీస్తుంది. పదో తరగతి పుస్తకంలో ఈ సంగతి లేదు. లేదు కాబట్టి నాకూ తెలియదు. ఫోటో చూసుకుంటే మధ్యలో నేను సినిమా హీరోలా ఉన్నాను. అంచున బావగారి పొట్ట బంగినపల్లి బుట్టంత అయి కూర్చుంది. సాయంత్రానికి ఫోటో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళింది. చెల్లెలు మొదలుపెట్టింది, తర్వాత అందరూ అందుకున్నారు. బావగారు కూడా, పొట్ట నాదేగానీ పెంచింది మీ అక్క అని రాశారు. అప్పటిదాకా అంతా సరదాగానే ఉంది.

నెల తిరక్కుండా ఆ ఫోటో పెద్ద సైజులో కాగితం మీద వేయించి, పాలకొల్లులో ఫ్రేము కట్టించి, హాల్లో నడిగోడకి తగిలించాను. ఇంటికొచ్చిన ప్రతివాణ్ణీ దాని ముందు నిలబెట్టి చూపించి, కాఫీ ఆ తర్వాతే ఇప్పించేవాణ్ణి. ఓ రోజు బావగారు ఒక్కరే వచ్చారు, అమ్మకి కొబ్బరికాయల బస్తా ఇద్దామని. మా ఆవిడ గబగబా చందువా చేపలు తెప్పించి వేపుడు మొదలుపెట్టింది. బావగారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఫోటో ముందు నిలబడ్డారు. చాలాసేపు నిలబడ్డారు. నా కళాఖండం చూసి మురిసిపోతున్నారనుకుని, దగ్గరికెళ్ళి, ఎలా ఉంది బావగారూ మన పొట్ట అన్నాను. ఆయన నా మొహం కేసి ఓసారి చూశారు. గ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని, పనుందని చెప్పి వెళ్ళిపోయారు.

మా వైపు అల్లుడు అన్నం తినకుండా గుమ్మం దాటితే అది చిన్న సంగతి కాదు. అమ్మ ఆ పూట తనూ తినలేదు. మర్నాడు అక్క ఫోన్ చేసి, ఆ పొట్ట ఫోటో ఆ గోడ మీద ఉన్నంతకాలం ఆ గుమ్మం తొక్కనంటున్నారమ్మా ఈయన అని చెప్పింది. ఆయన రాకుండా నేనొక్కదాన్నీ ఎలా వస్తానంది. ఏం చెయ్యాలో తెలియక ఏడ్చింది కూడా.

ఫోటో దింపేస్తే పోయేది. అమ్మ అదే అంది. నాన్న ఒప్పుకోలేదు. యాభై ఏళ్ళకోసారి తీయించుకున్న ఫోటో, అల్లుడి పొట్ట బాగా పడలేదని దింపుతామా, రేపు చిన్నల్లుడు ముక్కు బాగా పడలేదంటాడు అన్నారు. ఆయన మాట నాకూ నచ్చింది. నా ఫోటోని దింపొద్దంటే నచ్చక ఏం చేస్తుంది? వాట్సాప్‌లో నవ్విన మనిషి గోడ మీద చూసి అలిగాడంటే, పొట్ట ఫోన్లో చిన్నదిగా ఉందీ, గోడ మీద పెద్దదయిందీ, అంతే తేడా అని నేను తేల్చేశాను. సైన్సు మాస్టారు కదా, ప్రతిదానికీ కారణం వెంటనే దొరికేస్తుంది.

అలా రెండేళ్ళు. అక్క రోజూ అమ్మకి ఫోన్ చేసేది. చుట్టాల పెళ్ళిళ్ళలో కలిసేవాళ్ళం, బావగారు మర్యాదగానే పలకరించేవారు. ఇంటికి మాత్రం రాలేదు. ఈలోగా అమ్మ కళ్ళకి శుక్లాలు ముదిరాయి. షుగరు తగ్గితేగానీ ఆపరేషన్ చెయ్యం అన్నారు డాక్టర్లు. చెయ్యి చాపినంత దూరం దాటితే అమ్మకి మనుషులు ఆకారాలే. ఓ రోజు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అంది, "మీ ఫోటో నాకెలాగూ కనపడదురా. పెద్దదాని మొహం పూర్తిగా మసకైపోకముందే ఓసారి ఇంటికి రప్పించరా నాయనా."

ఆ మాటకి నా గర్వం కాస్త కరిగింది. పూర్తిగా కాదు. ఫోటో దింపుతాననలేదు నేను, ఇంకో మంచి ఫోటో తీసి దాని స్థానంలో పెడదామన్నాను. నాన్న కూడా కొత్తది రానీ, అప్పుడు పాతది దింపుదాం అన్నారు. బావగారు గుమ్మం తొక్కనన్నారు కాబట్టి ఫోటో ఇంటి బయట, కాలవ గట్టు మీద తీద్దాం, గుమ్మం ప్రసక్తే రాదు. ఈ పథకం నాకెంత నచ్చిందంటే రాత్రి పడుకోబోయే ముందు మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

అయితే లెన్సు లేదు. పాతదానికి ఏమైందో కూడా చెప్పాలి, చెప్పకపోతే మా ఆవిడ చెబుతుంది. మా వైపు వానాకాలంలో గోడలకే చెమట పడుతుంది. లెన్సు లోపల బూజు పడుతుందని ఎక్కడో చదివి భయపడ్డాను. తడిసిన ఫోన్ని బియ్యంలో పెడితే తడి లాగేస్తుందని ఊళ్ళో అందరూ నమ్ముతారు. నేనూ ఆ ఊరివాణ్ణే. లెన్సుని పల్చటి గుడ్డలో చుట్టి బియ్యం డ్రమ్ములో లోతుగా పాతిపెట్టాను, పెట్టి మర్చిపోయాను. రెండు నెలల తర్వాత మా ఆవిడ బియ్యం కొలుస్తుంటే గ్లాసుకి తగిలింది. గాజు లోపల తవుడు పట్టింది. ఆ తవుట్లో ఓ బియ్యప్పురుగు తీరిగ్గా నడుస్తోంది. ఇది ఇప్పుడు జీవశాస్త్రం మాస్టారికిచ్చెయ్యండి అంది మా ఆవిడ.

కాబట్టి కొత్త లెన్సు కావాలి, అదీ మనుషుల మొహాలు అందంగా వచ్చేది. వారం రోజులు యూట్యూబు చూశాను. ఒకాయన యాభై ఎమ్మెమ్ లెన్సుని మించింది లేదన్నాడు. ఇంకొకాయన ఎనభై అయిదు వాడితే మొహాలు వెన్నలా వస్తాయి, వెనకాల అంతా మెత్తగా కరిగిపోతుంది, ఎవరూ సాగరు, ఎవరూ ఉబ్బరు అన్నాడు. ఎవరూ ఉబ్బరు అన్న మాట దగ్గర నేను పడిపోయాను. అంకె పెరిగేకొద్దీ మనం మరింత వెనక్కి జరగాలన్న సంగతి ఆయన చివర్లో చెప్పాడు. చివరిదాకా చూసే ఓపిక నాకు లేదు.

ఎందుకైనా మంచిదని గట్టు మీద కొలతలు వేశాను. కుర్చీలు వరసగా వేసి, మా ఆవిణ్ణి పదకొండు మంది బదులూ కూర్చోమన్నాను. పాపం ఆ చివర కుర్చీ నుంచి ఈ చివర కుర్చీకి ఆరుసార్లు నడిచింది. లెక్క కట్టి చూస్తే, ఎనభై అయిదు లెన్సుతో అందరూ పట్టాలంటే నేను కాలవ మధ్యలో నిలబడాలి, లేదా వంతెన చుట్టి అవతలి గట్టుకి పోవాలి. అవతలి గట్టు నుంచి ఫోన్ చేసి ఇప్పుడు నవ్వండి అని చెప్పొచ్చని నేనన్నాను. అంత దూరం నుంచి తీస్తే తనతో మీకు మాటలు లేవనుకుంటారు మీ బావగారు అని ఆవిడ లేచి చీర దులుపుకుంది.

చివరికి, తెలిసినవాణ్ణి అడగడమే మేలని రాజమండ్రి బయల్దేరాను. ఎలాంటి ఫోటో రాకూడదో షాపతనికి చూపించాలి కదా, అందుకని గోడ మీది ఫ్రేముని దింపి దుప్పట్లో చుట్టాను. నాన్న ఒక్క రోజుకే అనుమతిచ్చారు, హెడ్మాస్టరు సెలవు ఇచ్చినట్టు. మూడడుగుల ఫ్రేము బస్సులో పట్టదు. ఒళ్ళో నిలబెట్టుకుంటే పక్కాయనకి కిటికీ కనపడలేదు. కండక్టరు అదేంటి మాస్టారూ అన్నాడు. ఫ్యామిలీ అన్నాను. అందరికీ టికెట్ తీసుకోమంటాడేమోనని కాసేపు బెంగపడ్డాను కూడా.

షాపాయన పెద్దమనిషి. గాజు బల్ల వెనక నుంచి లేచి వచ్చి, కూర్చోండి మాస్టారూ, ముందు కాఫీ తాగండి అన్నాడు. నేను కాఫీ తాగుతూ కటకాల గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. ఎంతమందండి ఫోటోలో, చోటెంతండి, పెద్దవాళ్ళున్నారా అని మూడు ప్రశ్నలేశాడు. వేసి, ఎనభై అయిదు మాట మర్చిపోమన్నాడు. అది ఒకరినో ఇద్దరినో తీసుకోడానికి బాగుంటుందట. పదకొండు మందికి, మీకున్న చోటుకి, ముప్ఫై అయిదు సరిపోతుందని చిన్న లెన్సొకటి తీసి బల్ల మీద పెట్టాడు. అది నా గుప్పిట్లో పట్టేసింది. ఇంత చిన్నదా అని నాకు కాస్త అవమానంగా అనిపించింది.

అప్పుడు దుప్పటి విప్పి ఫ్రేము చూపించాను. ఈ పొట్ట చూడండి, మీ లెన్సులో ఇలా రాదు కదా అన్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, వంగి, అంచు దగ్గర చాలాసేపు చూశాడు. అంచున ఉన్నవాళ్ళని ఏ లెన్సయినా కాస్తో కూస్తో ఇబ్బంది పెడుతుందండి, అక్కడ ఎవరున్నారో తీసేవాడే చూసుకోవాలి అన్నాడు. తర్వాత వేలితో ఓ చోట చూపించాడు.

"ఈ చెయ్యి ఎవరిదండి?"

బావగారి కుర్చీ వీపు మీద ఓ చెయ్యి ఉంది. రెండు బంగారు గాజులు, చీర చెంగు కొస. మోచేతి దాకా కూడా లేదు. ఆ తర్వాత ఫ్రేము చెక్క మొదలైంది.

"మా అక్కదండి," అన్నాను.

"ఆవిడేరండి మరి?"

నేను మళ్ళీ చూశాను. వేలు పెట్టి లెక్కపెట్టాను, చిన్నపిల్లాడిలా. పదిమందే ఉన్నారు. రెండేళ్ళు ఆ ఫోటో కింద కూర్చుని అన్నం తిన్నాను. వచ్చినవాళ్ళకి చూపించాను. ఆ అంచుని స్కేలు పెట్టి కొలిచి, పొట్ట ఎంత శాతం సాగిందో లెక్క కట్టాను. ఆ అంచులోనే మా అక్క లేదని నాకు తెలియలేదు. అమ్మకి కనపడదు. నాన్న తనని తాను తప్ప చూసుకోరు. మిగిలినవాళ్ళం పొట్ట చూసి నవ్వుకుంటూ ఉండిపోయాం.

అప్పుడు గుర్తొచ్చింది. ఫ్రేము కట్టే అతను ఫోన్ చేశాడు, నేను పరీక్ష హాల్లో ఉన్నాను. సైజుకి రావట్లేదు సార్, కుడివైపు కాస్త కొయ్యమంటారా అని అడిగాడు. ఆ పక్కన ఏం లేదులే, కోసెయ్ అన్నాను. వాట్సాప్‌లో పంపిన ఫోటోలో అక్క ఉంది. నవ్వుతూ, కొంచెం సాగి, పూర్తిగా ఉంది. బావగారు ఫోన్లో చూసి నవ్వింది ఆ ఫోటో. గోడ మీద చూసింది ఇది.

నాకు సిగ్గేసింది. సిగ్గన్నది చిన్న మాట, షాపులో అంతమంది మధ్య కళ్ళ నీళ్ళొచ్చాయి. షాపాయన పక్కకి తిరిగి, అక్కర్లేకపోయినా లెన్సు డబ్బా తుడవడం మొదలెట్టాడు. ఆ ముప్ఫై అయిదే తీసుకున్నాను. ఒక్క ఫోటో కూడా తీసి చూడకుండా తీసుకున్నాను, వారం రోజులు యూట్యూబు చూసినవాణ్ణి. ఫ్రేముని అక్కడే వదిలేశాను. ఇంట్లో బస్సు కుదుపుకి అద్దం పగిలిపోయిందని చెప్పాను. మీరు తీసుకెళ్ళినప్పుడే అనుకున్నాను అంది మా ఆవిడ. నా అబద్ధాన్ని ఎవరూ అనుమానించకపోవడం కూడా నా ఘనతే.

అది తర్వాత సంగతి. ఆ రోజు షాపులోంచి తిన్నగా బస్టాండుకి పోయి రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం వెళ్ళాను. ఇంటికి వెళ్ళలేదు. వెళ్తే అక్క తలుపు తీస్తుంది, నేనేం చెప్పను? గుడి వీధి చివర టీకొట్టు దగ్గర నిలబడి బావగారికి ఫోన్ చేశాను. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా లేకుండా వీధిలోకి రారు. వచ్చి, నన్ను చూసి, రెండు టీలు చెప్పారు.

"ఫోటోలో అక్క లేదు బావగారూ," అన్నాను. "ఇవ్వాళే చూశాను."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. తర్వాత, "రెండేళ్ళు పట్టిందేంటయ్యా నీకు," అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఆ రోజు ఆయన ఫోటో ముందు అంతసేపు నిలబడింది, మాలో ఎవరో ఒకరు ఆ మాట అంటారేమోనట. నేను వెళ్ళి పొట్ట గురించి అడిగాను. అక్కకి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదట. నాకైనా ఓ మాట చెప్పొచ్చు కదా అన్నాను.

"మొదట్లో కోపం. మీ అంతట మీకే తెలియాలనుకున్నాను. తర్వాత తర్వాత ఎలా రావాలో నాకే తెలియలేదు. అది నా తప్పే," అన్నారు. మళ్ళీ అన్నారు, "మీ అక్కకి మీరు తప్ప ఎవరున్నారయ్యా? పిల్లల్లేని మనిషి. వచ్చిందంటే ముందు హాల్లోకే వస్తుంది. పుట్టింటి గోడ మీద తను లేదనీ, లేనట్టు మీకెవరికీ తెలియలేదనీ, తన కళ్ళతో చూడాలా? పొట్ట అంటే నవ్వుకుని ఊరుకుంటారు. అందుకే పొట్ట అన్నాను."

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. క్షమించమని అడిగాను. టీకొట్టతను చూస్తున్నాడని ఆయన చేతులు విడిపించుకున్నారు. ఫోటో తీసేశావా అని అడిగారు. తీసేశానన్నాను. అయితే ఆదివారం వస్తాం, ఈ సంగతి మాత్రం మనిద్దరి మధ్యే ఉండాలి అన్నారు. ఇదంతా ఇప్పుడు రాస్తున్నానంటే, ఆయన్ని అడిగే రాస్తున్నాను. మీ అక్క నువ్వు రాసినవి ఏనాడు చదివింది, రాసుకో అన్నారు.

ఆదివారం వాళ్ళొచ్చేసరికి చర్చి నుంచి మేమింకా అప్పుడే వచ్చాం. అమ్మ గేటు దగ్గరే నిలబడింది. అక్క ఆటో దిగగానే అమ్మ రెండు చేతులతో దాని మొహం పట్టుకుని, బాగా దగ్గరికి లాక్కుని చూసింది. చిక్కిపోయావే అంది. చిక్కలేదు, నీకు సరిగ్గా కనపడట్లేదు అంది అక్క ఏడుస్తూ. బావగారు ఆటోవాడితో చిల్లర గురించి అనవసరంగా చాలాసేపు మాట్లాడారు.

ఫోటో గురించి నేనెత్తలేదు. అక్కే అడిగింది, కొత్త లెన్సు కొన్నావట కదా, ఈసారైనా మీ బావని సన్నగా తియ్యరా అని. కుర్చీలు వేశాం. చెల్లెలు వాళ్ళు రాలేదు కాబట్టి ఏడుగురమే. టేకు కుర్చీలో బావగారిని కూర్చోబెట్టాను. అక్కని అమ్మ పక్కన కూర్చోబెట్టాను, ఆడవాళ్ళు కూర్చోవడమేంటని అది గునిసినా వినలేదు. నేను చివర్న నిలబడ్డాను. నొక్కిన ప్రతిసారీ వెళ్ళి తెర మీద మనుషుల్ని లెక్కపెట్టి వచ్చాను. ఫోటో తీయడం ఇంతసేపా అని నాన్న విసుక్కున్నారు. ఎనిమిదిసార్లు తీశాను, ఎనిమిదింట్లోనూ ఏడుగురూ ఉన్నారు. నేను మాత్రం అన్నింట్లోనూ కొంచెం లావుగా పడ్డాను.

భోజనాల దగ్గర అక్క మొదలుపెట్టింది. రెండేళ్ళు మనసులో దాచుకున్నదంతా పప్పు దగ్గర మొదలై చేపల పులుసు దాకా సాగింది.

"వెధవ పొట్ట కోసం అమ్మా. నీ కళ్ళు ఇలా అయిపోతుంటే దగ్గరుండి చుక్కల మందు వెయ్యడానికి కూడా లేకుండా చేశాడు ఈ మనిషి. ఇంత చిన్న మనసున్నవాడనుకోలేదు నేను."

నాన్న తలూపారు. పోనీలే వదినగారూ అంటూనే మా ఆవిడ కూడా నవ్వు ఆపుకుంది. అమ్మ, పెద్దల్లుడు కాస్త పంతం మనిషి, మొదట్నుంచీ అంతే అంది. బావగారు తలెత్తకుండా అన్నం కలుపుకుంటున్నారు.

"తప్పేనే," అన్నారు.

నాకింక కూర్చోబుద్ధి కాలేదు. చెప్పెయ్యాలని నోరు తెరిచాను. బావగారు నా వైపు చూశారు. చూసి, కంచం ముందుకి జరిపారు.

"పులుసు వెయ్యవయ్యా," అన్నారు.

గిన్నె తీసుకుని వేశాను.